కెర్నెల్ దాచిపెట్టిన నంబరు

పిల్లలూ, కంప్యూటర్లో ఒకపక్క పాట మోగుతూ ఉంటుంది, ఇంకోపక్క మీ హోంవర్కు తెరిచి ఉంటుంది, వెనకాల మరో పది ప్రోగ్రాములు నడుస్తూ ఉంటాయి. ఇన్నింటికీ ఉన్న ర్యామ్ ఒక్కటే. అయినా ఒకదాని సామాను ఇంకొకటి ముట్టుకోదు. ఆ కట్టడి చేసేది ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నింటికన్నా లోపల ఉండే కెర్నెల్.

కెర్నెల్ ర్యామ్‌ని మామూలుగా 4096 బైట్ల ముక్కలుగా చూస్తుంది. ఒక్కో ముక్క ఒక పేజీ. ప్రతి ప్రోగ్రాముకీ దాని సొంత లెక్కలో చిరునామాలు ఇస్తుంది. వీటిని వర్చువల్ అడ్రస్‌లంటారు. ఆ పేజీ ర్యామ్‌లో నిజంగా ఎక్కడుందో చెప్పేది ఫిజికల్ అడ్రస్. ఏది దేనికి చెందుతుందో రాసి ఉంచే పట్టిక పేరు పేజీ టేబుల్. దాన్ని దిద్దే హక్కు కెర్నెల్‌ది మాత్రమే. అసలు చోటు తెలియకపోయినా ప్రోగ్రాము పని చక్కగా సాగిపోతుంది.

మరి ఆ అసలు చోటు బయటికి చెప్పాల్సిన అవసరం ఎందుకొచ్చింది? కొన్నిసార్లు కెర్నెల్ అనుమతితోనే ఒకే పేజీని నాలుగైదు ప్రోగ్రాములు పంచుకుంటాయి. అప్పుడు ఎవరు ఎంత ర్యామ్ వాడుతున్నారో లెక్క సరిగ్గా తేలదు. ఆ చిక్కు తీర్చడానికి మాట్ మాకాల్ రాసిన పేజ్‌మ్యాప్ అనే సదుపాయం 2008లో లినక్స్ అనే కెర్నెల్ 2.6.25 వెర్షన్‌తో వచ్చింది. అది చూడటానికి ఒక ఫైలు. అందులో ఒక్కో పేజీకి 8 బైట్లు, అంటే 64 బిట్లు ఉంటాయి.

ఒక లెక్క చేసి చూద్దాం. మీ ప్రోగ్రాములో ఒక వస్తువు చిరునామా 40,96,000 అనుకోండి. 4096తో భాగిస్తే 1000. దాన్ని 8తో గుణిస్తే 8000. ఫైల్లో 8000 దగ్గర మొదలుపెట్టి 8 బైట్లు చదవండి. అన్నింటికన్నా పైనున్న 63వ బిట్ 1 అయితే పేజీ ర్యామ్‌లోనే ఉన్నట్టు. అప్పుడు కింది 55 బిట్లలో ఉండేది అసలు పేజీ నంబరు. అది 2,50,000 అయితే, 4096తో గుణించండి. 102 కోట్ల 40 లక్షలు. అదీ ఆ పేజీ మొదలయ్యే నిజమైన చోటు. ఏడేళ్ళపాటు ఏ మామూలు ప్రోగ్రామయినా తన పేజీల సంగతి ఇలా తెలుసుకోగలిగేది.

2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఇంటెల్ ల్యాబ్స్ పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. ర్యామ్ చిప్‌లో బిట్లు వరసలు వరసలుగా ఉంటాయి. ఒక్కో బిట్ అంటే చిటికెడు విద్యుదావేశం. అది కారిపోకుండా దాదాపు 64 మిల్లీసెకన్లకోసారి మళ్ళీ నింపుతుంటారు. ఈలోపు ఒకే వరసను లక్షకు పైగా సార్లు తెరిచి మూస్తే, పక్క వరసలోని ఆవేశం చెదిరి, 0 కాస్తా 1 కావచ్చు, లేదా 1 కాస్తా 0 కావచ్చు. ఉమ్మడి గోడ ఉన్న ఇళ్ళలో ఒకరు రోకలితో దంచుతూనే ఉంటే పక్కింటి గూట్లో గిన్నె జారిపడినట్టన్నమాట. పక్కింట్లోకి అడుగు పెట్టలేదు, నష్టం మాత్రం జరిగింది. దీని పేరు రోహామర్. వాళ్ళు పరీక్షించిన 129 మెమరీ మాడ్యూళ్ళలో 110కి ఈ జబ్బు ఉంది.

2015 మార్చిలో గూగుల్‌కి చెందిన మార్క్ సీబోర్న్, థామస్ డల్లియన్ ఇంకో అడుగు వేశారు. అలా తిరగబడిన బిట్ పేజీ టేబుల్లో పడితే, మామూలు ప్రోగ్రాము మొత్తం ర్యామ్‌నే చేజిక్కించుకోగలదని చేసి చూపించారు. దెబ్బ తగలాలంటే వరసలు ఏవో తెలియాలి. ఫిజికల్ అడ్రస్ తెలిస్తే వరస కనుక్కోవడం తేలిక. పేజ్‌మ్యాప్ దాన్ని అడిగినవాడికల్లా ఇచ్చేస్తోంది!

లినక్స్ వాళ్ళు వెంటనే కదిలారు. 4.0 వెర్షన్‌లో ప్రత్యేక అధికారం లేనివాళ్ళు ఆ ఫైలును తెరవనే లేకుండా చేశారు. కానీ అందులో పనికొచ్చే సంగతులు ఇంకా ఉన్నాయి. పేజీ ర్యామ్‌లో ఉందా, స్వాప్‌లోకి, అంటే డిస్కు మీదికి పోయిందా, ఈమధ్య మారిందా అన్నవి నిరపాయమైనవి. అందుకని అదే ఏడాది వచ్చిన మరో వెర్షన్‌లో ఫైలును మళ్ళీ తెరవనిచ్చి, అధికారం లేనివాళ్ళకి పేజీ నంబరు ఉండే చోట మాత్రం సున్నా చూపించారు. ఈ పద్ధతి నాకెంతో నచ్చింది. ప్రమాదం ఎంతమేర ఉందో అంతమేరే మూశారు, మిగతా మేలు మిగిల్చారు.

దీంతో రోహామర్ పీడ పూర్తిగా వదిలిందనుకోకండి. 2016లో డ్రామర్ అనే పరిశోధన, పేజ్‌మ్యాప్ సాయం లేకుండానే ఆండ్రాయిడ్ ఫోన్లలో బిట్లు తిప్పి చూపించింది. అసలు లోపం చిప్‌లో ఉంది కాబట్టి అసలు మందు కూడా చిప్ తయారీలోనే పడాలి. నంబరు దాచడం వల్ల దొంగకి పని కష్టమవుతుంది, అంతే. అదీ చిన్న మేలు కాదు.

రేపు మీలో ఎవరైనా ప్రోగ్రాములు రాస్తే, ఏ వివరమైనా బయటికి చూపించే ముందు ఇది ఎవరికి అవసరం అని ఒక్కసారి ఆలోచించండి. అవసరమైనవాళ్ళకి తప్పక ఇవ్వండి, మిగతావాళ్ళకి సున్నా చూపించండి. ఈలోగా మీ ఫోనూ, కంప్యూటరూ అప్‌డేట్ అడిగితే వాయిదా వేయకుండా చేసేయండి.