వరి పొలం ఊపిరిని కొలిచేదెలా?

ప్రాబబిలిటీ క్లాసులో కోవేరియన్స్ చెప్పినప్పుడు "దీంతో పనేంటి?" అనుకున్నారా? వరి పొలంలో దానికి చాలా పని ఉంది.

నీళ్ళు నిలిచిన మడిలో మట్టికి ఆక్సిజన్ అందదు. అక్కడి సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. వేళ్ళకి గాలి అందించడానికి వరి మొక్క లోపల సన్నటి ఖాళీలుంటాయి. మీథేన్ ఎక్కువగా ఆ దారిలోనే పైకి వచ్చేస్తుంది, అంటే మొక్కే పొగగొట్టం. వందేళ్ళ లెక్కలో కిలో మీథేన్ దాదాపు 27 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంత వేడి పెంచుతుంది. కానీ మామూలు గాలిలో అది సుమారు 2 పీపీఎం, అంటే పది లక్షల అణువుల్లో రెండే!

మొదటి పద్ధతి పెట్టె. వరి దుబ్బుల మీద గాలి చొరబడని పెట్టె బోర్లించి, 0, 10, 20, 30 నిమిషాలకి సిరంజితో గాలి తీసి, ల్యాబ్‌లో గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కి ఇస్తారు. ఉదాహరణకి, పెట్టె ఎత్తు మీటరు, అరగంటలో మీథేన్ 2 నుంచి 8 పీపీఎంకి పెరిగింది అనుకుందాం. అంటే చదరపు మీటరుకి గంటకి దాదాపు 8 మిల్లీగ్రాములు. మనకి తెలిసిన స్లోపే! కాకపోతే మడిలో కాలు పెడితే బుడగలు లేచి లెక్క తప్పుతుంది. అందుకే చెక్కల మీద నిలబడి తీస్తారు.

రెండోది టవర్. గాలి పైకీ కిందకీ ఎంత వేగంతో కదులుతోందో, అందులో మీథేన్ ఎంతుందో సెకనుకి 10 సార్లు కొలుస్తారు. ఈ రెండింటి కోవేరియన్స్‌ని అరగంటకి లెక్కేస్తే పొలం వదిలే మీథేన్ తెలుస్తుంది. మొక్కని ముట్టుకోనక్కర్లేదు. కానీ టవర్‌కి వందల మీటర్ల దూరం నుంచి గాలి వస్తుంది. మన దగ్గరలా ఎకరం, రెండెకరాల కమతాలైతే ఏ రైతు పొలం ఎంత వదిలిందో విడదీయడం కష్టం.

ఇదంతా ఎందుకంటే, మడిని మధ్యమధ్యలో ఆరనిస్తే మీథేన్ బాగా తగ్గుతుంది. ఆ తగ్గుదలకి కార్బన్ క్రెడిట్ల పేరుతో డబ్బులిచ్చే పథకాలూ వచ్చాయి. కానీ యూరియా వేసిన మడి ఆరి తడిసినప్పుడు నైట్రస్ ఆక్సైడ్ పెరగొచ్చు. అది కిలోకి దాదాపు 270 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, పైగా కొన్ని రోజులే ఎగసి తగ్గిపోతుంది. వారానికోసారి వెళ్ళి కొలిస్తే ఆ రోజులే మిస్ కావచ్చు. అప్పుడు లాభం కాగితం మీదే కనబడుతుంది.

అందుకే ఎవరైనా "ఇంత తగ్గింది" అంటే, ఏ వాయువుని, ఏ రోజుల్లో, ఎలా కొలిచారో ముందు అడగండి.