ఈ ‘బ్లాక్’ ఆ ‘బ్లాక్’ కాదు

మోత్కూర్ వంటి ఊళ్ళలో ఆరోగ్యంగా తిరిగే మనిషికి ఈసీజీ తీసే సందర్భాలు కొన్నే. ఏదైనా ఆపరేషన్‌కు ముందు, లేదా హజ్ యాత్రకు ఆరోగ్య ధ్రువపత్రం కావలసినప్పుడు తీస్తారు. ఛాతీలో నొప్పి ఉండదు, ఆయాసమూ ఉండదు. అయినా కాగితంపై ‘రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్’ అని అచ్చయి వస్తుంది. ఆ మాట వినగానే ఇంటిల్లిపాదికీ స్టెంట్లు, బైపాస్‌లు గుర్తుకు వస్తాయి. కొందరు అప్పు కోసం పరుగెత్తుతారు. మరికొందరు ‘నాకేమీ లేదు’ అంటూ ఆ కాగితాన్ని పారవేస్తారు. రెండూ తగని పనులే.

గుండెలో రక్తనాళాలు వేరు, విద్యుత్ మార్గం వేరు. పైభాగంలోని కుడి గదిలో ఉన్న సైనస్ నోడ్‌లో సంకేతం పుడుతుంది. అది ఏవీ నోడ్ వద్ద క్షణంలో కొద్ది భాగం ఆగి, కుడి ఎడమ శాఖల గుండా క్రింది గదులకు చేరుతుంది. ఈ ఏవీ నోడ్‌ను 1906లో జపాన్ వైద్యుడు సునావో తవారా వివరించారు. ఈసీజీ చెప్పే ‘బ్లాక్’ ఈ మార్గంలోని ఆలస్యమో అంతరాయమో తప్ప రక్తనాళంలోని పూడిక కాదు.

అయితే అన్ని బ్లాకులూ ఒకటి కావు. కుడి శాఖలో అసంపూర్ణమైన బ్లాక్ ఉన్న ఆరోగ్యవంతులకు సాధారణంగా భయం లేదు. కుడి శాఖ పూర్తిగా నిలిచినవారిలో గుండెపోటు, పేస్‌మేకర్ అవసరం కొంత ఎక్కువని డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో జరిగిన దీర్ఘకాల అధ్యయనం 2013లో తెలిపింది. సంకేతం క్రింది గదులకు చేరడానికి 200 మిల్లీసెకన్లు దాటితే ‘ఫస్ట్ డిగ్రీ బ్లాక్’ అంటారు. అటువంటివారికి తరువాతి కాలంలో పేస్‌మేకర్ అవసరమయ్యే అవకాశం సుమారు మూడు రెట్లని అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం 2009లో ప్రకటించింది. మూడు రెట్లు అన్నంత మాత్రాన అందరికీ వస్తుందని కాదు. కాలానుగుణంగా ఈసీజీ తీయించుకుంటూ ఉండవలెనని అర్థం.

ఎడమ శాఖ బ్లాక్ విషయంలో మాత్రం ఉపేక్ష కూడదు. దాని వెనుక రక్తపోటు, గుండె కండరపు బలహీనత, రక్తనాళాల వ్యాధి దాగి ఉండవచ్చు. బాధ లేకపోయినా ఎకో పరీక్ష చేయించవలెను. కళ్ళు తిరిగి స్పృహ తప్పినా, గుండె అకస్మాత్తుగా దడదడలాడినా, కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించి ఉన్నా, బ్లాక్ ఏ రకమైనదైనా వెంటనే గుండె వైద్యుణ్ణి కలవవలెను. మన జిల్లాలోనే బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉన్నది, హైదరాబాద్‌లో నిమ్స్ ఉన్నది.

బీపీకి, గుండె దడకు ఇచ్చే కొన్ని మందులు ఈ సంకేతాన్ని మరింత మందగింపజేస్తాయి. కనుక ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా ఈసీజీలోని తేడాను ముందే చెప్పండి.

సోదర సోదరీమణులారా! ఆ కాగితాన్ని భద్రపరచండి. రేపు ఛాతీ నొప్పితో అర్ధరాత్రి ఆసుపత్రికి చేరితే, ఈ బ్లాక్ పాతదా కొత్తదా అన్నదే వైద్యుని మొదటి ప్రశ్న కావచ్చు. జవాబు ఆ పాత ఈసీజీలోనే ఉంటుంది. ఈసీజీ కాగితంపై అచ్చు కొన్నేళ్ళకు వెలిసిపోతుంది. కాబట్టి నేడే జిరాక్సు తీయించి, ఇంటివారందరికీ తెలిసిన చోట ఉంచండి. ఫోనులో ఒక ఫోటో కూడా తీసి పెట్టుకోండి.