వార్తల్లో పదం: గ్రో యువర్ ఓన్

స్థానిక హైస్కూలు విద్యార్థులను, బడుల్లో సహాయకులుగా ఉన్నవారిని చదివించి, శిక్షణ ఇచ్చి, అదే ప్రాంతంలో టీచర్లుగా నియమించుకునే అమెరికా పద్ధతి ఇది. బోధనలో జాతి వైవిధ్యం పెంచడానికి చాలా రాష్ట్రాలు దీన్నే నమ్ముకున్నాయి.

అక్కడి ప్రభుత్వ బడుల్లో 2020-21 నాటికి టీచర్లలో 80 శాతం, ప్రిన్సిపాళ్లలో 77 శాతం తెల్లజాతివారు. విద్యార్థుల్లో మాత్రం వారు సగం కూడా లేరు. నల్లజాతి టీచర్లు 6 శాతమే. ఈ అంతరం దానంతటదే వచ్చింది కాదు. జాతుల వారీగా వేరు బడులు చెల్లవని 1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తరవాతి ఏళ్లలో దక్షిణాది రాష్ట్రాలు పిల్లల్ని కలిపే పేరుతో నల్లవారి బడులు మూసేసి, వేలాదిమంది నల్లజాతి టీచర్లను, ప్రిన్సిపాళ్లను ఇళ్లకు పంపాయి. సమర్థులైన ఒక తరం గురువులను పిల్లలు అలా పోగొట్టుకున్నారు.

ఈ లోటు తీర్చేందుకు దక్షిణ కరోలినాలోని క్లెమ్సన్ యూనివర్సిటీ నల్లజాతి యువకులను ప్రాథమిక బడుల టీచర్లుగా తీర్చిదిద్దే 'కాల్ మీ మిస్టర్' కార్యక్రమాన్ని 2000లో మొదలుపెట్టింది. ఇలాంటి శిక్షణకు డబ్బే ప్రాణం. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ ప్రభుత్వం వైవిధ్య కార్యక్రమాలను తప్పుపడుతూ టీచర్ల శిక్షణ గ్రాంట్లలో 60 కోట్ల డాలర్లకు పైగా రద్దు చేసింది. వివాదం కోర్టులకెక్కింది.