తాటిబెల్లమునకు కుండ ముఖ్యము

కృష్ణా డెల్టాలో చేలగట్లపై తాళ్లు గీయు గౌడ కుటుంబములకు తరతరములుగా తెలిసిన సంగతి ఒకటి కలదు. గెలనుండి కారునది తియ్యని నీరాయే. అది కల్లగుట కుండలో జరుగును. కడగని లొట్టికి అంటియున్న ఈస్టు అను సూక్ష్మజీవి నీరాలోని చక్కెరను ఆల్కహాలుగా మార్చును.

స్పెయిన్ దేశపు హెరెజ్ ప్రాంతమున ద్రాక్షమద్యము చేయువారు ఈ ఈస్టునే కోరి పెంచుదురు. తాతలనాటి పీపాను ఎన్నడును ఖాళీ చేయరు. కొంత తీసి, ఆ వెలితిని లేత మద్యముతో పూరింతురు. పైన తేలు ఈస్టు తెట్టె దానితో బ్రతుకును. ఈ పద్ధతిని సొలెరా అందురు. మన బెల్లపు కుండకు కావలసినది దీనికి సరిగా వ్యతిరేకము.

బెల్లము వండదలచినవారు కుండను వేడినీట కడిగి, ఆరనిచ్చి, లోపల సున్నము పూయవలెను. సున్నపు క్షారగుణము పులియుటను అణచును. సాయంకాలము కట్టిన కుండను ప్రొద్దు పొడవకమునుపే దింపవలెను. ఎండ యెక్కినకొలది పులుపు హెచ్చును. పులిసిన నీరా ఎంత కాచినను సరిగా గట్టిపడదు. పాకము జిగురుగా మిగిలి, ఇంటివారందరి శ్రమయు వంటచెరకును వృథా యగును. అట్లని సున్నము మితిమీరినచో బెల్లము నల్లబడి రుచి చెడును. కావున నీరాను తేరనిచ్చి, గుడ్డతో వడగట్టి, వెంటనే పొయ్యి కెక్కించవలెను. చల్లని నీటిలో వేసిన పాకము గట్టి ఉండ కట్టినప్పుడు దింపి, బాగుగా కలియబెట్టి అచ్చులలో పోయవలెను.

కల్లుకు గిరాకి యున్నచోట బెల్లపు వంట సులభముగా పుంజుకొనదు, అది వేరు మాట. రెండును చేయు ఇండ్లలో మాత్రము కుండలు కలియరాదు. బెల్లపు కుండల మెడకు ఒక గుర్తు పెట్టుకొన్నచో చీకటిలో చెట్టెక్కునపుడు పొరపాటు జరుగదు.