సియోల్ పాత స్టేషను: కూల్చకుండా మిగిల్చిన వలస కట్టడం

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఎర్ర ఇటుకల గోడలతో, పైన గుమ్మటంతో కనిపించే పాత రైల్వేస్టేషను, ఆ దేశం జపాను ఏలుబడిలో ఉండగా, 1925లో పూర్తయింది. కొరియా మీదుగా మంచూరియా దాకా సైన్యాన్నీ సరుకులనూ తరలించిన మార్గంలో అది ప్రధాన మజిలీ కనుక, దాన్ని కాపాడడమంటే పరాయి పాలన గుర్తును నెత్తిన పెట్టుకోవడమేనన్న అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేము. అయినా, గవర్నర్ జనరల్ భవనాన్ని, అంటే వలస ప్రభుత్వపు ప్రధాన కచేరీని, 1995లో విమోచన స్వర్ణోత్సవం నాడు కూల్చడం మొదలుపెట్టిన దేశమే, 1981లో 284వ సంఖ్యతో రక్షిత చారిత్రక స్థలంగా ప్రకటించిన ఈ స్టేషనును ఉంచుకుంది. ఈ తేడాకు కారణం వాడుకలోనే ఉందనిపిస్తుంది: కచేరీ పాత రాజప్రాసాదానికి అడ్డుగా లేచిన అధికార చిహ్నం కాగా, స్టేషను 1945 తరువాత కూడా దశాబ్దాల పాటు పల్లెల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవారికి నగరపు గుమ్మమైంది. 2004లో వేగరైళ్ల కోసం పక్కనే కొత్త స్టేషను రావడంతో మూతబడిన ఈ భవనం, 1925 నాటి రూపానికి పునరుద్ధరణ పొంది, 2011లో ‘కల్చర్ స్టేషన్ సియోల్ 284’ అనే కళాకేంద్రంగా తెరుచుకుంది. అదే ఏడాది దాని ఎదుట, 1919లో, ఈ భవనానికి ముందు అక్కడ ఉన్న స్టేషను వద్ద, కొత్త గవర్నర్ జనరల్ సైటో మకోటోపై బాంబు విసిరి, మరుసటి ఏడు ఉరికంబమెక్కిన కాంగ్ ఊ-గ్యు విగ్రహం వెలిసింది.