పిల్లల వంశపారంపర్య మూత్రపిండ వ్యాధులు - మూత్ర సూచికలు

తల్లిదండ్రుల నుండి జన్యువుల ద్వారా పిల్లలకు సంక్రమించే మూత్రపిండ వ్యాధులను గుర్తించుటకు తోడ్పడే రక్తకణాలు, మాంసకృత్తులు, చక్కెర, స్ఫటికాలు మొదలైనవాటిని మూత్ర సూచికలు అంటారు. ఇవి కొన్ని వ్యాధులలో బాధలు మొదలవడానికి ఎన్నో ఏళ్ళ ముందే కనిపిస్తాయి.

ఆధారం

ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. నెఫ్రాన్‌లోని గ్లోమెరులస్ రక్తాన్ని వడపోస్తుంది. నాళిక పనికివచ్చే పదార్థాలను తిరిగి పీల్చుకొంటుంది. ఏ భాగం దెబ్బతిన్నదో దానిని బట్టి మూత్రంలో కనిపించే పదార్థం మారుతుంది.

ముఖ్య సూచికలు

* రక్తకణాలు: ఆల్పోర్ట్ సిండ్రోమ్‌లో కంటికి కనిపించని రక్తం మూత్రంలో పోతుంది. తరువాత అల్బుమిన్ కూడా పోతుంది. కొందరిలో వినికిడి తగ్గుతుంది. దీనిని 1927లో ఆర్థర్ సెసిల్ ఆల్పోర్ట్ వివరించాడు.
* చిన్న మాంసకృత్తులు: ఎక్కువగా మగపిల్లలకు వచ్చే డెంట్ వ్యాధిలో బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ వంటివి పోతాయి. సాధారణ స్ట్రిప్ ముఖ్యంగా అల్బుమిన్‌నే గుర్తిస్తుంది కనుక వీటికి ప్రత్యేక పరీక్ష అవసరం.
* చక్కెర: సిస్టినోసిస్‌లో రక్తంలో చక్కెర సరిగానే ఉన్నా మూత్రంలో చక్కెర, ఫాస్ఫేట్, అమైనో ఆమ్లాలు పోతాయి. దాహం, అతిమూత్రం చూసి మధుమేహమని పొరబడే వీలున్నది.
* షట్కోణ స్ఫటికాలు: సిస్టిన్యూరియాకు గుర్తు. ఈ వ్యాధిలో రాళ్ళు ఏర్పడతాయి.
* ఆక్సలేట్: ప్రాథమిక హైపర్‌ఆక్సల్యూరియాలో అధికంగా ఉంటుంది.

మేనరికాలు, పరీక్షా సౌకర్యాలు

సిస్టినోసిస్, ప్రాథమిక హైపర్‌ఆక్సల్యూరియా తల్లి, తండ్రి ఇద్దరి నుండీ లోపమున్న జన్యువు వచ్చినప్పుడే కలుగుతాయి. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. దగ్గరి బంధువులిద్దరిలో ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ కనుక, మేనరికాలు వాడుకలో ఉన్న తెలుగు ప్రాంతాలలో ఈ విషయానికి ప్రాముఖ్యత ఉన్నది.

సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్ వంటి పట్టణాలలో కూడా తొలి మెట్టుగా స్ట్రిప్ పరీక్ష, సూక్ష్మదర్శిని పరీక్ష చేయవచ్చును. తేడా కనిపిస్తే పిల్లలను హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రి, నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రులకు పంపవచ్చును.

పరిమితులు, ప్రయోజనం

జ్వరం, తీవ్ర వ్యాయామం వలన కూడా మూత్రంలో మాంసకృత్తులు తాత్కాలికంగా కనిపించవచ్చును. అందువలన ఉదయపు తొలి మూత్రంతో పరీక్షను మళ్ళీ చేస్తారు. ఒక్క పరీక్ష మామూలుగా ఉన్నంత మాత్రాన వ్యాధి లేదని చెప్పలేము. తుది నిర్ధారణకు చాలా సందర్భాలలో జన్యు పరీక్ష చేస్తారు.

ఆల్పోర్ట్ సిండ్రోమ్‌ను ముందే గుర్తించి ఏ.సి.ఇ. నిరోధక మందులు ఇస్తే మూత్రపిండ వైఫల్యాన్ని ఏళ్ళ తరబడి వాయిదా వేయవచ్చును. సిస్టినోసిస్‌కు సిస్టియమిన్ మందు ఉన్నది. సిస్టిన్యూరియాలో నీరు ఎక్కువగా త్రాగించడం ప్రధాన చికిత్స.