ఓర్వకల్లు రాళ్లలోని సిలికా.. మందుబిళ్లలో ఏం చేస్తోంది? కరగని మందులకు ఇదే దారి!

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో ఓర్వకల్లు రాక్ గార్డెన్ దగ్గర ఆగి సెల్ఫీ దిగని వాళ్లు తక్కువే. అక్కడి రాళ్లలో ప్రధానంగా ఉండేది సిలికా. అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం. ఇసుకలో ఉండేదీ అదే. ఇంట్లో ఉన్న మందుల డబ్బా తీసి చూడండి. చాలా బిళ్లల్లో 'కొల్లాయిడల్ సిలికాన్ డయాక్సైడ్' అనే పేరు కనిపిస్తుంది. అది కూడా సిలికానే. తయారీలో పొడి ఉండకట్టకుండా జారడానికి కొద్దిగా కలుపుతారు. ఇప్పుడు శాస్త్రవేత్తలు దానికి ఇంకా పెద్ద పని అప్పగిస్తున్నారు.

అసలు సమస్య ఏంటి?

బిళ్ల మింగితే సరిపోదు. మందు కడుపులో, పేగుల్లో ఉండే నీటిలో కరిగితేనే రక్తంలోకి చేరుతుంది. కరగకపోతే చాలా భాగం అలాగే బయటికి వెళ్లిపోతుంది. రక్తంలో కొవ్వు తగ్గించే ఫెనోఫైబ్రేట్, ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్ ఈ కోవలోవే. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్‌ను 'అన్నం తిన్నాకే వేసుకోండి' అని డాక్టర్లు చెప్పేది అందుకే. భోజనం తర్వాత మందు బాగా కరుగుతుంది.

సిలికా ఎలా సాయం చేస్తుంది?

ఇది రాయిని దంచిన పొడి కాదు. ల్యాబ్‌లో తయారుచేసే, నిండా సన్నటి రంధ్రాలున్న పొడి. ఒక్కో రంధ్రం వెడల్పు 2 నుంచి 50 నానోమీటర్లు. 1992లో మొబిల్ కంపెనీ శాస్త్రవేత్తలు ప్రకటించిన ఎంసీఎం-41 ఇలాంటిదే. దీని ఒక్క గ్రాములో లోపలి గోడలన్నీ పరిస్తే దాదాపు 1,000 చదరపు మీటర్లు. అంటే సుమారు పావు ఎకరం! 2001లో స్పెయిన్ పరిశోధకులు ఇందులో ఇబుప్రొఫెన్ నింపి, మెల్లగా విడుదలయ్యేలా చేశారు.

పటికబెల్లం గడ్డ నీళ్లలో కరగడానికి టైమ్ పడుతుంది. పొడి చేస్తే త్వరగా కరుగుతుంది. ఇక్కడ ఇంకో అడుగు ముందుకు వేశారు. ఇరుకు రంధ్రంలో మందు అణువులు వరుసగా పేర్చుకుని గట్టి స్ఫటికంగా మారడానికి చోటే ఉండదు. నీళ్లు లోపలికి వెళ్లగానే మందు తేలిగ్గా బయటికొస్తుంది. 2016లో ఫెనోఫైబ్రేట్‌ను ఇలా నింపి 12 మంది ఆరోగ్యవంతులకు పరగడుపున ఇస్తే, రక్తంలోకి చేరిన మందు మామూలు క్యాప్సూల్ కంటే పెరిగింది.

ఇబ్బందులూ ఉన్నాయి

ఒక్కసారిగా ఎక్కువ మందు కరిగితే పేగుల్లో మళ్లీ గడ్డకట్టొచ్చు. మందు కంటే సిలికానే ఎక్కువ పట్టడంతో బిళ్ల సైజు పెరుగుతుంది. అందుకే ఎక్కువ డోసు మందులకు ఇది కష్టం.

రాతి దుమ్ముతో జాగ్రత్త

బిళ్లలో వాడేది స్ఫటిక రూపం లేని సిలికా. మింగినా చాలావరకు అలాగే బయటికి పోతుంది. క్వారీలు, రాళ్లు కొట్టే చోట లేచే దుమ్ములో ఉండేది మాత్రం స్ఫటిక సిలికా. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. దెబ్బతిన్న ఊపిరితిత్తులు మళ్లీ మామూలు కావు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు కూడా ఉంది. కాబట్టి పనిచేసే చోట నీళ్లు చల్లడం, సరైన మాస్క్ వాడటం తప్పనిసరి.

ఇంకో మాట. మందు తిన్నాక వేసుకోవాలా, ముందా అన్నది ఒక్కో మందుకు ఒక్కోలా ఉంటుంది. డాక్టర్‌ని అడగకుండా మార్చొద్దు.